తెల్ల పుంజును వదిలాక గుడ్ల రంగు ఎందుకు మారింది?

సందేహం: పెరట్లో నాటు పెట్టలు, గ్రామప్రియ పెట్టలు కలిపి పెంచుతున్నాను. అన్నీ గోధుమ ఛాయ గుడ్లే పెట్టేవి. తెల్ల లెగ్‌హార్న్ పుంజును వదిలాక పుట్టిన పెట్టలు ఇప్పుడు గుడ్లకు వచ్చాయి. వాటిలో కొన్ని మీగడ రంగు, కొన్ని దాదాపు తెల్ల గుడ్లు పెడుతున్నాయి. ఇవి నాటు గుడ్లు కావంటూ ధర తగ్గిస్తున్నారు. మేతనో, పుంజునో మారిస్తే పాత రంగు వస్తుందా?
– మహబూబ్‌నగర్ జిల్లా రైతు

సలహా: ఈ పెట్టల విషయంలో రాదు. పెట్ట ఏ రంగు గుడ్డు పెడుతుందన్నది తల్లి, తండ్రి నుంచి అందిన జన్యువులను బట్టి ముందే నిర్ణయమై ఉంటుంది. ఆ పెట్ట ఏ జాతి పుంజుతో జత కట్టినా, అసలు మందలో పుంజే లేకపోయినా పెంకు రంగు మారదు. పుంజు ప్రభావం దాని కూతుళ్లు పెట్టే గుడ్లలోనే కనిపిస్తుంది, మీ మందలో జరిగిందీ అదే. మేత వల్ల మారేది పచ్చసొన రంగు మాత్రమే.

పెంకు ప్రధానంగా కాల్షియం కార్బొనేట్‌తో తయారవుతుంది కనుక సహజంగా తెల్లనిదే. గుడ్డు సుమారు 20 గంటలు పెంకు గ్రంథిలో ఉంటుంది. అందులో చివరి గంటల్లో ప్రోటోపార్ఫిరిన్ అనే వర్ణకం పైపొరపై ఎక్కువగా పేరుకుంటే గోధుమ రంగు వస్తుంది. ఒక గోధుమ గుడ్డును పగలగొట్టి పెంకు లోపలి వైపు చూడండి, తెల్లగానే కనిపిస్తుంది. ఈ వర్ణకం ఎంత పడాలన్నది ఒక్క జన్యువు కాక అనేక జన్యువులు కలిసి నిర్ణయిస్తాయి కాబట్టి, గోధుమ గుడ్ల పెట్టను లెగ్‌హార్న్ వంటి తెల్ల గుడ్ల జాతి పుంజుతో కలిపితే కూతుళ్లు చాలావరకు మధ్యస్థమైన మీగడ రంగు గుడ్లు పెడతాయి. పైగా గ్రామప్రియ కూడా సంకర రకమే కాబట్టి ఒకే తల్లి కూతుళ్లలోనూ తేడాలు సహజం. చిలీకి చెందిన అరకానా కోళ్ల నీలి గుడ్డుకు మాత్రం ఒకే ప్రబల జన్యువు (తల్లి, తండ్రిలో ఒక్కరి నుంచి అందినా చాలు, ప్రభావం కనిపిస్తుంది) కారణం; ఆ రంగు పెంకు లోపలి వరకూ ఉంటుంది, దానిపై గోధుమ వర్ణకం కూడా పడితే గుడ్డు ఆకుపచ్చగా కనిపిస్తుంది.

చెవి తమ్మె తెల్లగా ఉంటే తెల్ల గుడ్డు, ఎర్రగా ఉంటే గోధుమ గుడ్డు అన్న లెక్క శుద్ధ జాతుల్లో చాలావరకు సరిపోతుంది గానీ, సంకర కోళ్లలో దాన్ని నమ్మి పెట్టలను ఏరివేయకండి. మీగడ రంగు పెట్టలను అమ్మేయమని కూడా నేను చెప్పను; లెగ్‌హార్న్ రక్తం వల్ల అవి నాటు పెట్టల కంటే ఎక్కువ గుడ్లు పెట్టగలవు. ఒకే మేత తిన్న కోళ్ల గుడ్లలో పెంకు రంగును బట్టి పోషకాలు మారవని కొనేవారికి ధైర్యంగా చెప్పండి.

తరువాతి తరంలో గోధుమ రంగు కావాలంటే ముందు లెగ్‌హార్న్ పుంజును వేరు చేయండి. దాని వీర్యం పెట్టల శరీరంలో రెండు, మూడు వారాల పాటు నిలిచి ఉండగలదు కాబట్టి, కొత్త పుంజును వదిలిన మూడు వారాల తర్వాతి గుడ్లనే పొదగవేయండి. పుంజును ఈకల రంగు చూసి కాక, దాని తల్లీ, అక్కచెల్లెళ్లూ పెట్టే గుడ్లను చూసి, మీ మందతో రక్తసంబంధం లేని చోటి నుంచి తెచ్చుకోండి. పొదగడానికి ముదురు రంగు గుడ్లు పెట్టే మీ పాత పెట్టల గుడ్లనే ఎంచుకోండి. వయసు పెరిగేకొద్దీ, ఎండలు ముదిరినప్పుడు గోధుమ రంగు కొంత పాలిపోవడం మామూలే. కానీ మంద మొత్తంలో ఉన్నట్టుండి రంగు వెలిసి, పెంకులు గరుకుగా, వంకరగా వస్తుంటే అది ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్ వంటి వ్యాధి కావచ్చు, వెంటనే పశువైద్యుడికి చూపించండి.