డిక్కీలో దాచిన లెగో పెట్టె పెట్టుబడి కాదు

ప్రశ్న: నా వయసు 36. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అన్నీ పోను నెలకు రూ.92,000 చేతికొస్తాయి. నా భార్య ఉద్యోగం చేయడం లేదు, పాపకు ఐదేళ్లు. అమ్మానాన్న ఖమ్మంలో ఉంటారు, నాన్నకు బీపీ, షుగర్. అద్దె, ఇంటి ఖర్చు, స్కూలు ఫీజు, అమ్మానాన్నకు పంపేది, పెట్రోలు అన్నీ కలిపి నెలకు రూ.72,000 అవుతుంది. 2021లో ఒక ఫ్రెండ్ లెగో బోన్సాయ్ చెట్టు ఇచ్చాడు, చిన్న చిన్న ప్లాస్టిక్ ఇటుకలు అతికించి కట్టే బొమ్మ సెట్. అది కట్టినప్పటి నుంచి ఇదే నా హాబీ. ఇప్పటికి 17 సెట్లు కట్టాను. తర్వాత రేటు పెరుగుతుందని మరో 11 పెట్టెలు సీలు విప్పకుండా ఉంచాను, వాటికే రూ.1.6 లక్షలు అయింది. క్రెడిట్ కార్డు బాకీ రూ.1,38,000 ఉంది, నెలకు రూ.7,000 కడుతున్నాను. రెండు నో-కాస్ట్ ఈఎంఐలకు రూ.6,400 పోతుంది, అవి ఇంకో ఐదు నెలల్లో అయిపోతాయి. సేవింగ్స్‌లో రూ.26,000 ఉంది. ఈ ఏడాది చివర్లో కొన్ని పెద్ద సెట్ల తయారీ ఆపేస్తారట. ఇప్పుడే కొని రెండేళ్లు ఉంచితే రెట్టింపు వస్తుందని మా గ్రూపులో అంటున్నారు. రూ.2.5 లక్షలు పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నాను. బ్యాంకు ఇవ్వకపోతే యాప్‌లో ప్రయత్నిస్తాను. మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే ఎస్ఐపీ కంటే ఇదే మేలు కదా సార్? పెట్టెలు ఆఫీసు అడ్రసుకే తెప్పిస్తాను, పోయిన వారం వచ్చింది ఇంకా కారు డిక్కీలోనే ఉంది. ఇంట్లో తెలియదు, నా పేరు వేయకండి.

జవాబు: లోన్ తీసుకోకండి. అసలు జవాబు ఇంతే. కానీ ఇలాంటి ఉత్తరాలు ఈ మధ్య వరసగా వస్తున్నాయి, వస్తువు ఒక్కటే మారుతోంది. ఒకరికి కెమెరా లెన్సులు, ఒకరికి పాత బుల్లెట్ బళ్లు, ఒకావిడకు కంచి పట్టుచీరలు. ఇష్టపడి కొన్నారు, అందులో తప్పేమీ లేదు. కార్డు బిల్లు చేయి దాటాక దానికి పెట్టుబడి అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు పెట్టుకోగానే ఇంకో నాలుగు కొనడానికి ధైర్యం వచ్చేస్తుంది. మీరు సరిగ్గా అక్కడున్నారు కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇది పిల్లల బొమ్మల పిచ్చి అని నేను అనను. ఆ బోన్సాయ్ నేనూ కట్టాను. మా అబ్బాయి నా పుట్టినరోజుకు ఇచ్చాడు, 878 ముక్కలు. ఆదివారం టిఫిన్ అయ్యాక డైనింగ్ టేబుల్ మీద స్టీలు పళ్లేల్లో ముక్కలు పోసుకుని కూర్చున్నాను. అన్నానికి పిలిచేదాకా ఫోన్ గుర్తే రాలేదు. కొమ్మలకు గులాబీ పూత పెడుతుంటే చేతికి ఏదో కాళ్లున్నది తగిలింది. కళ్లజోడు సర్దుకుని చూస్తే కప్ప! చిట్టి చిట్టి గులాబీ రంగు కప్పల్ని పువ్వుల మధ్య ఇరికిస్తే దూరం నుంచి చూసేవాళ్లకు అంతా పూతలాగే కనిపిస్తుంది. రోజుకు పది గంటలు స్క్రీన్ చూసే మనిషికి ఇది ఎంత హాయో నాకు తెలుసు. ఆ సంగతి డెన్మార్క్‌లో లెగో కంపెనీ వాళ్లకు ఇంకా బాగా తెలుసు. 2020 నుంచి పెద్దవాళ్ల సెట్లకు నల్ల పెట్టెలు పెట్టి, మీద 18+ అని వేస్తున్నారు. పిల్లల దగ్గర లేనిది, మన దగ్గర ఉన్నది క్రెడిట్ కార్డు కదా.

ఇప్పుడు మీ లెక్క. నెలకు రూ.72,000 తప్పని ఖర్చు అంటే రోజుకు రూ.2,400. మీ సేవింగ్స్‌లో ఉన్నది రూ.26,000. అంటే పదకొండు రోజుల బతుకు. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టిన అంకె ఇదే, కార్డు బాకీ కూడా దీని తర్వాతే. ఇవాళ్టి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం సంగతి నేను మీకు చెప్పాలా? శుక్రవారం సాయంత్రం హెచ్ఆర్ నుంచి మీటింగ్ ఇన్వైట్ వస్తుంది, సోమవారానికి ఐడీ కార్డు పనిచేయదు. కొత్త ఉద్యోగానికి మూడు నెలలు పట్టొచ్చు, ఆరు నెలలూ పట్టొచ్చు. పన్నెండో రోజు ఇంటి ఓనరుకు ఏం చెబుతారు? మూల నలగని తాజా పెట్టె ఒకటుంది, అద్దె కింద తీసుకోండి అంటారా?

ఉద్యోగం దాకా కూడా అక్కర్లేదు. నాలుగేళ్ల కిందట మా మామగారిని రాత్రి పదకొండింటికి ఆసుపత్రిలో చేర్చాం. ఇన్సూరెన్స్ కార్డు చూపించాను. క్యాష్‌లెస్ అప్రూవల్ పొద్దున్నకి గానీ రాదు, అప్పటిదాకా రూ.60,000 డిపాజిట్ కట్టమన్నారు. కౌంటర్లో కుర్రాడు మర్యాదగానే అడిగాడు, కానీ స్వైప్ మెషిన్ చేతిలో పట్టుకునే అడిగాడు. ఆ రాత్రి నా దగ్గర డబ్బుంది కాబట్టి కట్టాను. మీ నాన్నగారికి బీపీ, షుగర్ రెండూ ఉన్నాయంటున్నారు. ఖమ్మం నుంచి అలాంటి ఫోనే వస్తే మీ దగ్గర రూ.26,000, పీకలదాకా వాడేసిన కార్డు ఉంటాయి. సీలు విప్పని పదకొండు పెట్టెలు ఆ రాత్రి ఒక్క రూపాయి ఇవ్వవు.

కార్డు సంగతికి వస్తే, నెలకు ఏడు వేలు కడుతున్నాను కాబట్టి అప్పు తీరుతోందని మీరు అనుకుంటున్నట్టుంది. నెలకు 3.5 శాతం వడ్డీ వేసుకోండి. రూ.1,38,000 మీద రూ.4,830. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే దాదాపు రూ.5,700. మీరు కట్టే ఏడు వేలలో అసలుకు జమయ్యేది రూ.1,300. పైగా బాకీ పూర్తిగా కట్టనంతకాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు ఉండదు. అదే కార్డు మీద నిన్న తెప్పించుకున్న బిర్యానీకి కూడా నిన్నటి నుంచే వడ్డీ నడుస్తోంది. నో-కాస్ట్ ఈఎంఐ అనే మాట మీద కూడా మోజు వద్దు. సున్నా వడ్డీ అనేది లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. ఆ వడ్డీ డిస్కౌంట్ రూపంలోనో, ధరలోనో ఎక్కడో ఒకచోట సర్దేసి ఉంటుంది.

దీని మీద ఇంకో రెండున్నర లక్షలా? 16 శాతానికి రెండేళ్లకు తీసుకుంటే కిస్తీ రూ.12,240 పడుతుంది. మీ 92 వేల నుంచి ఖర్చు, కార్డు, ఈఎంఐలు తీసేస్తే మిగిలేది రూ.6,600. మిగతాది ఎక్కడి నుంచి తెస్తారు? మళ్లీ ఆ కార్డు నుంచే. ఇక బ్యాంకు ఇవ్వకపోతే యాప్‌లో అన్న వాక్యం చదివి కాసేపు ఉత్తరం పక్కన పెట్టేశాను. జీతం స్లిప్పులన్నీ చూసి బ్యాంకే వద్దన్న మనిషికి యాప్ ఎందుకు ఇస్తుందో ఆలోచించండి. బొమ్మల కోసం రికవరీ ఏజెంట్ల ఫోన్లు మీ నాన్నగారి దాకా తీసుకెళ్లకండి. ఆ యాప్ ఫోన్‌లో ఉంటే ఇప్పుడే తీసేయండి.

రెట్టింపు కథ కూడా చూద్దాం. రెండేళ్లలో రెట్టింపు అంటే ఏడాదికి 41 శాతం. మీ గ్రూపులో తిరిగే లెక్క బహుశా మాస్కోలోని హయ్యర్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులది. 1987 నుంచి 2015 దాకా వచ్చిన సెట్లను చూసి, చేతులు మారే మార్కెట్లో సగటున ఏడాదికి 11 శాతం వచ్చిందన్నారు. బాగా పెరిగినవి ఉన్నాయి, సగానికి పడిపోయినవీ అందులోనే ఉన్నాయి. ఆ 11 శాతమే మీకూ వచ్చిందనుకుందాం. కార్డుకు ఏడాదికి 42 శాతం వడ్డీ కడుతూ 11 శాతం కోసం ఎదురుచూడటాన్ని ఏమనాలో మీరే చెప్పండి.

తాజ్‌మహల్ సెట్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. 2008లో వచ్చింది, 5,922 ముక్కలు. తయారీ ఆపేశాక దాని ధర అసలు ధరకు ఎన్నో రెట్లయింది. ఇంకా పెరుగుతుందని చాలామంది ఆ ధరకే కొని దాచుకున్నారు. 2017లో కంపెనీ అదే తాజ్‌మహల్‌ని ఒక్క ముక్క ఎక్కువగా, 5,923 ముక్కలతో మళ్లీ తెచ్చింది. షాజహాన్ ఒక్కసారే కట్టాడు గానీ, వీళ్లకు రెండోసారి కట్టడానికి అడ్డేముంది? పాతది దాచుకున్నవాళ్ల లెక్క ఆ రోజుతో తలకిందులైంది. మీ పెద్ద సెట్లనూ రేపు మళ్లీ తేరని మీ గ్రూపులో ఎవరు హామీ ఇచ్చారు?

మన దగ్గర ఇంకో మెలిక ఉంది. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. ఇక్కడ పెట్టె ఖరీదుగా కనిపించడానికి ఆ సుంకం ఒక పెద్ద కారణం. అది ఏదో ఒక బడ్జెట్‌లో తగ్గితే షాపులో కొత్త పెట్టెల ధర దిగుతుంది, మీ అల్మరా మీద పెట్టెల విలువ కూడా దాంతోపాటే పోతుంది. ఇక అమ్మేటప్పుడు చూడండి. కొనేవాడు ముందు నాలుగు మూలలూ ఫొటో తీసి పంపమంటాడు. సూట్‌కేసు కింద పడి ఒక మూల నొక్కుకుపోయిందా, అక్కడి నుంచి బేరం మొదలు. కొరియర్ వాడు బరువు చూడడు, పెట్టె సైజు చూసి చార్జీ వేస్తాడు. రెండు వానాకాలాలు అటక మీద ఉన్న అట్టపెట్టె ఎలా ఉంటుందో మీ ఇంట్లో పాత మిక్సీ పెట్టెను అడగండి.

కాబట్టి ఆ పదకొండూ ఇప్పుడే అమ్మండి. 1.6 లక్షలు పెట్టాను, నష్టానికి ఎలా అంటారని తెలుసు. 1.3 లక్షలు వచ్చినా అమ్మండి. ఆ ముప్పై వేలు మీ కార్డు ఐదారు నెలల్లో తినేసే వడ్డీయే. వచ్చినదాంట్లో ముందు రూ.46,000 పక్కన పెట్టి సేవింగ్స్‌ని రూ.72,000 చేయండి, అంటే ఒక నెల ఖర్చు. అంత వడ్డీ పడుతుంటే మొత్తం కార్డుకే కట్టాలి కదా అని కొందరు సలహాదారులు అంటారు. లెక్క ప్రకారం వాళ్లదే రైటు. కానీ చేతిలో ఏమీ లేకుండా కార్డు తీర్చినవాళ్లు మొదటి ఇబ్బందికే మళ్లీ కార్డు గీకడం నేను చాలాసార్లు చూశాను. మిగతా రూ.84,000 కార్డుకు కడితే బాకీ రూ.54,000కి దిగుతుంది. ఇప్పుడు కడుతున్న ఏడు వేలకు మిగులు రూ.6,600 కూడా కలిపి నెలనెలా వేయండి, ఐదు నెలల్లో అయిపోతుంది. అప్పటికి ఈఎంఐలు కూడా పూర్తవుతాయి. ఈలోపు కార్డు మీ పర్సులో ఉండకూడదు. షాపింగ్ యాప్‌లలో సేవ్ చేసిన కార్డు నంబర్లు కూడా తీసేయండి.

ఆ తర్వాత నెలకు రూ.20,000 మిగులుతుంది. అందులో రూ.18,000 అత్యవసర నిధికి. ఇరవై నెలల్లో రూ.4,32,000 అవుతుంది, అంటే ఆరు నెలల ఖర్చు. అది జీతం పడే ఖాతాలో ఉండకూడదు, యూపీఐకి అసలు తగలకూడదు. మీ భార్యతో జాయింట్‌గా ఇంకో బ్యాంకులో ఎఫ్‌డీగా పెట్టండి, కొంత లిక్విడ్ ఫండ్‌లో, అంటే అవసరమైతే త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్‌లో ఉన్నా పర్వాలేదు. రాబడి ఎంత అని అడగకండి. దాని పని రాబడి ఇవ్వడం కాదు.

మిగిలిన రూ.2,000 మీ ఇటుకలకు. నవ్వులాటకు అనడం లేదు. హాబీని పూర్తిగా మానేయమంటే మీరు మూడు నెలలు ఆగి నాలుగో నెల ఒక పెద్ద పెట్టెతో తిరిగొస్తారు. ఈ ఐదు నెలలు మాత్రం కొత్తది వద్దు. మీరు కట్టిన 17 సెట్లలో ఒక్కోదానికి వెయ్యి వేసుకున్నా 17,000 ముక్కలు ఇంట్లోనే ఉన్నాయి. విప్పి మళ్లీ కట్టండి. ఎనిమిది బొడిపెల ఇటుకలు ఒకే రంగువి ఆరు ఉంటే చాలు, వాటిని 91,51,03,765 రకాలుగా కలపొచ్చట. 1958లో పేటెంట్ తీసుకున్ననాటి ఇటుక ఈనాటి ఇటుకకు ఇప్పటికీ సరిగ్గా అతుక్కుంటుంది. అలాంటి వస్తువు కొని ఒక్కసారి కట్టి గాజు బీరువాలో పెట్టేశాక ఇంకోటి కొనడం, సీలే విప్పకుండా అటకెక్కించడం ఆ హాబీకి కూడా అన్యాయమే. పాపకు ఐదేళ్లు అన్నారు కదా, ముక్కలు రంగులవారీగా వేరుచేసే పని ఇచ్చి చూడండి.

ఎస్ఐపీ గురించి అడిగారు. మంచిదే, నిధి తయారయ్యాక మాట్లాడుకుందాం. టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతే కుటుంబానికి డబ్బిచ్చే బీమా, లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి, ఇంట్లో సంపాదించేది మీరొక్కరే. ఆఫీసు ఇచ్చే హెల్త్ కవర్ ఉద్యోగంతోపాటే పోతుంది కాబట్టి సొంతంగా ఒకటి ఉండాలి. నాన్నగారికి విడిగా తీసుకుంటే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ ఉండొచ్చు, అంటే అప్పటిదాకా వాటికి క్లెయిమ్ రాదు; ప్రపోజల్‌లో బీపీ, షుగర్ దాచకండి. వాటి ప్రీమియం కట్టడానికి కార్డు తీర్చడం ఒక నెల ఆలస్యమైనా సరే. బంగారం మీద లోన్ చౌక కదా అని అడుగుతారేమో, ఇంట్లో ఆవిడ గాజులు లెగో బిల్లు కోసం తాకట్టుకు వెళ్లడం నాకు ఇష్టం లేదు.

ఆఫీసు అడ్రసుకు తెప్పించడం ఇవాళ్టితో ఆపండి. డిక్కీలో ఉన్న పెట్టెను సాయంత్రం పైకి తీసుకెళ్లండి. రిటర్న్ గడువు ఇంకా ఉంటే రేపే వెనక్కి పంపేయండి, లేకపోతే అమ్మే పదకొండుతో కలపండి. ఇదెంత పడింది అని ఆవిడ అడుగుతారు. ఆ పెట్టె ధర ఒక్కటే చెప్పి ఊరుకోకండి, కార్డు స్టేట్‌మెంట్ ప్రింట్ తీసి ఆవిడ చేతికే ఇవ్వండి.