తెడ్ల పడవ వెనుక గాలం

ప్రశ్న: అమెరికా సరస్సుల్లో తెడ్ల పడవ వెనుక కృత్రిమ ఎరను లాగుతూ మస్కీ చేపను పడతారని విన్నాను. నాగార్జునసాగర్ జలాశయంలో వాలుగకు ఆ పద్ధతి పనికివస్తుందా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: వాలుగ కూడా మస్కీలాగే చిన్న చేపలను వేటాడి తినేదే కనుక, తప్పక ప్రయత్నించవచ్చు. అయితే గుండ్రని పుట్టి ఉన్నచోటే తిరిగిపోతుంది కాబట్టి పొడవైన పడవే కావాలి. తెడ్డు వేసినప్పుడల్లా ఎర ముందుకు దూకి, తెడ్డు లేచినప్పుడు నెమ్మదించి, దెబ్బతిన్న చేపలా కదలడమే ఈ పద్ధతికి ప్రాణం. ఇంజను పడవకు ఆ లయ రాదు. తెడ్లు వేసేవారు వెనుకవైపు చూస్తూ కూర్చుంటారు గనుక గాలం కర్ర కొన సన్నగా వణకడం కనిపిస్తుంది, ఆ వణుకు ఆగితే ఎరకు నాచు చుట్టుకుందని అర్థం. పళ్లకు దారం తెగకుండా ఎర ముందు ఉక్కు తీగ కట్టండి. వాలుగ వానాకాలంలో గుడ్లు పెడుతుంది; దయచేసి అప్పుడు వేట మానండి.