పెల్లెట్ పొయ్యి ఫ్యానుకు ఏ నూనె వేయాలి?

ప్రశ్న: మేము బెంగళూరు కె.ఆర్. పురంలో ఉంటున్నాము. నీళ్లు కాచుకోవడానికీ, పండుగ వంటలకూ పెరట్లో పెల్లెట్ పొయ్యి (పొట్టును నొక్కి చేసిన గుళికలతో మండేది) వాడుతున్నాము. దాని అడుగున ఉన్న చిన్న ఫ్యాను కీచుమంటుంటే మా అత్తగారు కొబ్బరి నూనె వేయమన్నారు. కొన్నాళ్లు బాగానే తిరిగింది కానీ, చలికాలం మొదలయ్యాక ఉదయం పూట మొరాయిస్తోంది. ఏ నూనె, ఎంత వేయాలో తెలియజేయగలరు.
– ఒక పాఠకురాలు

సమాధానం: కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల సెల్సియస్ దగ్గరే పేరుకుంటుంది. బెంగళూరులో జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీల వరకు చలి దిగుతుంది కనుక, మీ ఫ్యాను ఉదయం పూటే మొరాయించడం సహజమే. వేరుసెనగ, పొద్దుతిరుగుడు నూనెలు అలా పేరుకోకపోయినా, వేడి తగిలే చోట కొన్నాళ్లకు జిగురుగా మారిపోతాయి. అత్తగారు నొచ్చుకోకపోతే, వంటింటి నూనెలను మోటారుకు దూరంగానే ఉంచండి.

నూనె సంగతి అలా ఉంచి, ముందు ఫ్యానును శుభ్రం చేయండి. బూడిద, పొట్టు ధూళి రెక్కలకు ఒక పక్క ఎక్కువగా అంటుకుంటే తూకం తప్పి ఫ్యాను అదురుతుంది, ఆ అదురుకు బేరింగు అరుగుతుంది. పొయ్యి పూర్తిగా చల్లారాక, కరెంటు లేదా బ్యాటరీ తీగలు తీసేసి, పొడి బ్రష్షుతో రెక్కలనూ గాలి దారినీ దులపండి. తడి గుడ్డ వాడకండి. చాలా ఫ్యాన్ల గోల ఇంతటితోనే సద్దుమణుగుతుంది.

అప్పటికీ కీచుమంటే, ఫ్యాను ఇరుసును (షాఫ్టును) లోపల పట్టి ఉంచేది బుష్షో (గొట్టంలాంటి లోహపు తొడుగు), బాల్ బేరింగో (చిన్న గుండ్ల మీద తిరిగేది) తెలుసుకోవాలి. ఇలాంటి చిన్న ఫ్యాన్లలో ఎక్కువగా ఉండే కంచు బుష్షు సన్నని రంధ్రాలలో నూనెను పీల్చుకుని, షాఫ్టు తిరిగేటప్పుడు కొద్దికొద్దిగా వదులుతుంది. ఫ్యాను నడుమ ఉన్న స్టిక్కరును మెల్లగా లేపి, కింద రబ్బరు మూత ఉంటే దాన్నీ తీసి, పాత జిడ్డును దూదితో తుడిచి, మోటార్ల కోసం అమ్మే ఖనిజ నూనెను ఒకటి రెండు చుక్కలు మాత్రమే వేయండి. కుట్టుమిషను నూనె కూడా పనికొస్తుంది, కాకపోతే పలచనిది కనుక వేడికి త్వరగా ఆరిపోతుంది. బండి ఇంజిన్ ఆయిల్ వద్దు, అందులో కలిపే పదార్థాలు బుష్షు రంధ్రాలను పూడ్చేస్తాయి. తుప్పు వదిలించే స్ప్రే కూడా వద్దు, అది ఉన్న నూనెనే కడిగేస్తుంది. నూనె ఎక్కువైతే బయటికి కారి బూడిదను పట్టుకుంటుంది. స్టిక్కరు మళ్లీ గట్టిగా అంటించడం మరవకండి. ఒకవేళ ఉన్నది మూతలు బిగించిన బాల్ బేరింగైతే, దానికి నూనె వేసి ప్రయోజనం లేదు, మార్చుకోవడమే మార్గం.

ఈ పొయ్యిలో ఫ్యాను అలంకారం కాదు. కింది నుంచి వెళ్లే గాలి గుళికలను వాయువుగా మారుస్తుంది, పై రంధ్రాల గుండా వచ్చే గాలి ఆ వాయువును మండిస్తుంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ సహకారంతో రూపొందిన ఊర్జ పొయ్యి పనిచేసిందీ ఈ పద్ధతిలోనే. ఫ్యాను మందగిస్తే పొగతోపాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా పెరుగుతుంది కాబట్టి, మొరాయిస్తున్న ఫ్యానుతో పొయ్యిని గదిలోకి తేకండి. మంట ఆరిన వెంటనే ఫ్యానును కట్టేయకుండా నిప్పులు చల్లారేదాకా తిరగనిస్తే, మోటారుకు వేడి ఎక్కదు, వేసిన నూనె కూడా ఎక్కువ కాలం నిలుస్తుంది.

షాఫ్టును వేలితో కదిలిస్తే పక్కలకు ఊగుతున్నట్లయితే బుష్షు అరిగిపోయిందని అర్థం, ఇక ఏ నూనే దాన్ని బాగుచేయలేదు. పాత ఫ్యాను మీది వోల్టేజీ, కొలత రాసుకుని వెళితే ఎస్.పి. రోడ్డు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో అలాంటిది అడగవచ్చు. బిగించేటప్పుడు ఎరుపు, నలుపు తీగలను తారుమారు చేయకుండా, గాలి పొయ్యి వైపు వెళ్లేలా ఫ్యానును అమర్చండి.