పాత డచ్ పల్లె చిత్రాల్లో ఏం చూడాలి?

వచ్చే నెల నెదర్లాండ్స్ వెళ్తున్నానని, అక్కడి పాత పల్లె చిత్రాల్లో ఆవులు, పచ్చిక, మబ్బులు తప్ప ఏమీ కనిపించడం లేదని, వాటిలో అసలు ఏం చూడాలని అడిగారు. నేను ఆమ్‌స్టర్‌డామ్ పక్కనున్న ఆమ్‌స్టెల్‌వీన్‌లో ఆరేళ్లు ఉన్నాను. మొదట్లో నాకూ అలాగే అనిపించేది. మ్యూజియంలో ఆ గదులు గబగబా దాటేసి రెంబ్రాంట్ దగ్గరికి వెళ్లిపోయేదాన్ని. నాకు వాటిని చూడటం నేర్పింది మా నాన్న.

నాన్నకి పల్నాడులో వ్యవసాయం, పుట్టినప్పటి నుంచీ పశువులతోనే. ఒక వేసవిలో మా దగ్గరికి వస్తే హేగ్ తీసుకెళ్లి మారిట్స్‌హౌస్ మ్యూజియం చూపించాను. అక్కడ పౌలుస్ పోటర్ 1647లో వేసిన గిత్త బొమ్మ ఉంది. దాదాపు 2.4 మీటర్ల ఎత్తు, 3.4 మీటర్ల వెడల్పు. గిత్త నిజం పశువంత ఉంటుంది. నాన్న దాని ముందు ఆగి, ఎంతసేపటికీ కదల్లేదు. చివరికి అన్నారు: "ఇది ఒక్క పశువు కాదమ్మా. గంగడోలు, భుజాలు చూడు, బాగా ముదిరినవి. వెనక భాగం ఇంకా దూడే. అయినా ఇది వేసినవాడు పశువుల మధ్య తిరిగినవాడే. ఆ పడుకున్న ఆవు ముట్టె చూడు, తడి తెలుస్తోంది."

ఇంటికొచ్చి చదివితే ఆయన చెప్పిందే నిజమని తేలింది. వేర్వేరు వయసుల పశువుల్ని చూసి గీసుకున్న బొమ్మల్లోంచి పోటర్ ఈ గిత్తను కూర్చాడు. మొదట గిత్తను ఒక్కదాన్నే వేద్దామనుకుని, తర్వాత పక్కలకూ పైనా కాన్వాస్ ముక్కలు కలిపి ఆవుకీ గొర్రెలకీ రైతుకీ చోటు చేశాడు. అప్పటికి అతను ఇరవై దాటిన కుర్రాడు. 28 ఏళ్లకే, 1654లో పోయాడు. మీరు చూసేటప్పుడు గిత్త చుట్టూ ఉన్న ఈగలు, నేల మీద పేడ, కింద కప్ప, పైన ఆకాశంలో ఎగిరే పిట్ట వెతకండి. దూరంగా రైస్వైక్ ఊరి చర్చి కూడా కనబడుతుంది. 1795లో ఫ్రెంచి సైన్యం ఈ బొమ్మను పారిస్ పట్టుకుపోయింది, 1815లో గానీ తిరిగి రాలేదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ఈ దృశ్యాలు ఉన్నవి ఉన్నట్టు దించినవి కావు. చిత్రకారులు పొలాల్లో తిరిగి పెన్సిల్‌తోనో సుద్దతోనో గీసుకునేవాళ్లు, రంగులు వేసేది మాత్రం ఇంట్లో కూర్చుని. చెట్టు ఒకచోటిది, ఆవు ఇంకోచోటిది, మబ్బు మరో రోజుది. అవన్నీ కలిసి ఒకే మధ్యాహ్నంలా కనిపించాలి. ఒక్కోసారి ప్రకృతిని ఒకరు వేస్తే అందులోని మనుషుల్నీ పశువుల్నీ ఇంకొకరు వేసేవాళ్లు. ఏడ్రియన్ వాన్ డి వెల్డె అలా మిగతావాళ్ల బొమ్మల్లో చాలా వేశాడు.

అన్ని ఆవులు ఎందుకంటారా? అక్కడ నేల ఊరికే దొరికింది కాదు. బీమ్‌స్టర్ అనేది పెద్ద సరస్సు. వరసగా గాలిమరలు పెట్టి నీళ్లు తోడించి 1612 నాటికి దాన్ని నేల చేశారు, ఆమ్‌స్టర్‌డామ్ వ్యాపారులు డబ్బు పెట్టారు. అలాంటి నేల మీద గడ్డి, ఆ గడ్డి మీద ఆవు, ఆ ఆవు వెన్న, చీజ్! ప్రొటెస్టెంట్ చర్చిలు బొమ్మలు కొనడం మానేసిన దేశంలో మామూలు వ్యాపారులే ఇళ్లల్లో తగిలించుకోవడానికి ఇవి కొన్నారు. నాన్నకి ఇది చెబితే "మన మాగాణి బొమ్మ మన గోడ మీద పెట్టుకున్నట్టు" అన్నారు. నాకు అంతకన్నా మంచి వివరణ ఇంకా దొరకలేదు.

ఆల్బర్ట్ కౌప్ పద్ధతి వేరు. అతని ఆవులు నీళ్లల్లో మోకాళ్ల దాకా దిగి నిలబడతాయి, మీద తేనె రంగు ఎండ. డోర్డ్రెక్ట్ ఊరివాడు, ఇటలీ వెళ్లలేదు. ఇటలీలో ఉండి తిరిగొచ్చిన యాన్ బోత్ బొమ్మల్లోంచి ఆ వెలుగు పట్టుకుని తన ఊరి నది మీద పరిచాడు. బ్రిటిష్ ధనవంతులు అతని బొమ్మల కోసం ఎగబడ్డారు, అందుకే మంచివి చాలా ఇంగ్లండ్‌లో ఉన్నాయి. ఇటలీ శిథిలాల మధ్య మేకల్ని తోలేవాళ్లని వేసిన బెర్చెమ్ అనే ఇంకో చిత్రకారుడి బొమ్మలు మాత్రం నన్ను అంతగా పట్టుకోలేదు. అందంగానే ఉంటాయి, కానీ నేల వాసన తగలదు.

ఇక మబ్బులు. నేల చదునుగా ఉన్న దేశంలో ఆకాశానిదే పెద్ద వాటా. యాకొబ్ ఫాన్ రౌస్‌డాల్ వేసిన హార్లెమ్ ఊరి దృశ్యంలో మూడింట రెండు వంతులు ఆకాశమే. మబ్బుల నీడలు పొలాల మీద పడ్డాయి, మధ్యమధ్య ఎండ పట్టీలు. ఆ ఎండే మన చూపుని ముందు నుంచి దూరంగా ఉన్న చర్చి దాకా నడిపిస్తుంది. మబ్బులు బొమ్మలో పని చేస్తున్నాయని నాకు ఇక్కడే అర్థమైంది.

ఒక్క రోజే ఉంటే హేగ్ వెళ్లండి. గిత్తా, ఈ హార్లెమ్ బొమ్మా రెండూ మారిట్స్‌హౌస్‌లోనే ఉన్నాయి. రెండోది చిన్నది, 60 సెంటీమీటర్లకు అటూ ఇటూ. చాలామంది ఆగకుండా వెళ్లిపోతారు. మీరు ఒక పది నిమిషాలు నిలబడండి. కింద ఎండలో తెల్లటి పట్టీల్లా కనిపించేవి తెలుపు ఎక్కడానికి నేల మీద పరిచిన నార బట్టలు. వాటి పక్కనే చీమలంత మనుషులు పనిలో వంగి ఉంటారు.