పదో తరగతి పిల్లల్ని ఎదుటే మెచ్చుకుంటే చెడిపోతారా?

"హైస్కూల్ పిల్లల్ని మొహం మీదే మెచ్చుకుంటే తలకెక్కుతుందా? టీచర్లు ఆ గర్వం మనసులోనే ఉంచుకోవాలా?" అని అడిగారు. ఉంచుకోకూడదండీ. పేరు పెట్టి, పదిమందిలో చెప్పాలి. పల్నాడు పల్లెల్లో ఇరవై రెండేళ్లుగా జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెబుతున్నాను. పొగడ్త వల్ల పాడైన పిల్లవాడు ఇంతవరకు నాకు కనపడలేదు.

2022 బ్యాచ్ సంగతి చెబుతాను. ఆ పిల్లలు ఎనిమిదిలో ఉండగా 2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూతపడ్డాయి. పరీక్షలు లేకుండానే తొమ్మిదికి వచ్చారు. ఆ తొమ్మిది కూడా నవంబరులో మొదలైంది. మధ్యలో సగంమంది కూలికి అలవాటుపడ్డారు. అందులో ఒకడు వాళ్లమ్మతో మిరపకాయ కోతలకు వెళ్లేవాడు. పదిలోకి వచ్చేసరికి వాడికి భిన్నాలు కూడటం కూడా మర్చిపోయింది. సాయంత్రం స్టడీ అవర్లో చివరి బెంచీలో కూర్చునేవాడు, నోరు విప్పేవాడు కాదు.

ఫిబ్రవరిలో ఒకరోజు శ్రేఢులు రివిజన్ చేస్తున్నాను. 10, 7, 4... ఇందులో 30వ పదం కనుక్కోవాలి. తొందరలో మైనస్ గుర్తు వదిలేసి బోర్డు మీద 97 అని రాశాను. ఫస్ట్ మార్కుల పిల్లలంతా చకచకా దించేసుకున్నారు. వీడు లేచి, "సార్, అంకెలు తగ్గుతూ పోతున్నాయి కదా, 97 ఎట్లా వస్తది?" అన్నాడు. సరైన జవాబు మైనస్ 77. సూత్రం వాడికి నోటికి రాదు, కానీ ఆ వరస ఎటు పోతోందో వాడొక్కడే చూశాడు. క్లాసు ముందే చెప్పాను: "ఇవాళ నా తప్పు నువ్వు పట్టావురా. లెక్కంటే ఇదే. నాకు చాలా గర్వంగా ఉంది."

ఇంటర్వెల్‌లో వాళ్లమ్మకు ఫోన్ చేసి, వీలైనప్పుడు ఒకసారి బడికి రమ్మన్నాను. వీలు చూసుకోలేదు ఆవిడ. మేస్త్రికి చెప్పి చేలోంచి నేరుగా ఆటో ఎక్కి వచ్చేసింది. "ఏం జేశాడు సార్ మావాడు? ఎవర్నన్నా కొట్టాడా?" అంటూ వణికిపోతోంది. బడి నుంచి ఫోనంటే ఫిర్యాదే అని మన తల్లిదండ్రులకు ఎంత అలవాటు చేశామో ఆరోజు తెలిసింది. జరిగింది చెప్పాను. "ఇది చెప్పడానికే పిలిచారా?" అంది. తర్వాత, "ఇంకోసారి చెప్పండి సార్, వాళ్ల నాన్నకు సరిగ్గా చెప్పాలి" అంది. మిరప కోసిన చేతులు కళ్లకు తగలకూడదు కదా, మోచేత్తో కళ్లు తుడుచుకుంది.

ఆ ఏడాది రాష్ట్రంలో నూటికి 67 మందే పాసయ్యారు. 2019లో 94 మంది దాటారు. టీవీల్లో కూర్చుని పిల్లలకు బద్ధకం పెరిగిందన్నారు పెద్దమనుషులు. రెండేళ్లు బడే సరిగ్గా నడవలేదు, మళ్లీ వచ్చి పుస్తకం తెరవడమే గొప్ప అని ఒక్కరన్నా అనలేదు. మావాడికి లెక్కల్లో 41 వచ్చాయి. నాకు 98 వచ్చిన అమ్మాయి మీద ఎంత గర్వమో ఈ 41 మీదా అంతే గర్వం. ఫ్లెక్సీల్లో మాత్రం 98కే చోటు. మా ప్రోగ్రెస్ కార్డులూ అంతే, ముప్పై మందికీ "ఇంకా శ్రద్ధ పెట్టాలి" అని ఒకటే మాట. యాప్‌లలో ఫొటోలు ఎక్కించడానికి గంటలు పోతాయిగానీ ఒక్కో పిల్లవాడి గురించి ఒక్క వాక్యం రాయడానికి తీరిక దొరకదు మాకు.

ఎదుట పొగిడితే ఆయుక్షీణం అని మా నాయనమ్మ అనేది. ఆ భయంతోనో ఏమో, నేనూ మొదటి పదేళ్లు నోరు కట్టేసుకున్నాను. ఆ పిల్లలు ఇప్పుడు ఎదురుపడితే నమస్కారం పెడతారు, కానీ వాళ్లలో నాకు ఏం నచ్చేదో వాళ్లకు ఇప్పటికీ తెలియదు. అది తలచుకుంటే బాధగా ఉంటుంది.

ఒక్కటి మాత్రం గమనించండి. "వెరీ గుడ్" అంటే పిల్లలు నమ్మరు. ఏ లెక్కలో, ఏ రోజు, ఏం చేశాడో చెప్పండి, నమ్ముతారు.

ఈసారి పదిలో 38 మంది ఉన్నారు. ఇప్పటికి 22 ఇళ్లకు ఫోన్ చేశాను. హాల్ టికెట్లు వచ్చేలోపు మిగతా 16 ఇళ్లకూ చేయాలి.