45 ఏళ్లకే జుట్టుకు రంగు మానేయొచ్చా?

మానేయొచ్చు, కాకపోతే ఓపిక కావాలి. జుట్టు నెలకు సుమారు 1 సెంటీమీటరే పెరుగుతుంది. భుజాల దాకా ఉంటే మొత్తం మారడానికి 2 ఏళ్ల పైనే పడుతుంది. మొదటి 6 నెలలే ఇబ్బంది: పాపిట దగ్గర తెలుపు, కింద నలుపు, జడేస్తే చారలు. పెళ్లికెళ్తే "ఒంట్లో బాగాలేదా?" అని ఎవరో ఒకరు అడిగి తీరతారు. కాస్త పొట్టిగా కత్తిరించుకుంటే ఈ దశ తొందరగా గడుస్తుంది.

రంగేసిన మర్నాడు చెవుల వెనక, నుదుటి అంచున దురద, వాపు వస్తుంటే మాత్రం ఇక ఆలోచించక్కర్లేదు, ఆపేయండి. నల్ల రంగుల్లో ఎక్కువగా వాడే పీపీడీ అనే రసాయనం పడనివాళ్లకు అలా అవుతుంది. బ్లాక్ హెన్నా పొడుల్లోనూ అది ఉండొచ్చు, ప్యాకెట్ వెనక చదవండి. ఉత్త గోరింటాకైతే తెల్లజుట్టు ఎర్రబడుతుంది. ఆ ఎరుపు కంటే తెలుపే నయమని నాకనిపిస్తుంది.