పాత కారు ఆయిల్ తాగుతుంటే ఇంజిన్ బోరుకొచ్చినట్టేనా (విప్పి బాగుచేయించాల్సినంత అరిగినట్టేనా)?

కానక్కర్లేదు, బయటికి లీకేజీ లేకుండా ఆయిల్ తగ్గుతుంటే ఎక్కువగా వాల్వ్ సీళ్లు, పిస్టన్ రింగులు, పీసీవీ వాల్వ్ (ఇంజిన్ లోపలి ఆవిర్లను ఇన్‌టేక్‌లోకి, అంటే గాలి పీల్చుకునే దారిలోకి పంపేది) అనే మూడింటిలో ఏదో ఒకటి కారణం, వీటిలో ఇంజిన్ విప్పాల్సి వచ్చేది ముఖ్యంగా రింగులకే.

రబ్బరు సీళ్లు ఏళ్ల తరబడి వేడికి గట్టిపడి, పైనున్న ఆయిల్‌ని సిలిండర్‌లోకి జారనిస్తాయి. రింగులు అరిగినా, మసి పట్టి బిగుసుకున్నా ఆయిల్ కింది నుంచి ఎక్కుతుంది. పీసీవీ వాల్వ్ పాడైనా ఆయిల్ ఆవిరి ఇన్‌టేక్‌లోకి పోతుంది. అది చౌక, ముందు అదే చూపించండి.

ఉదాహరణకి, రాత్రంతా ఆగిన కారు పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పున నీలం పొగ వదిలి, కాసేపటికి మామూలైపోతే అనుమానం సీళ్ల మీదే. లోడు మీద యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తుంటే రింగుల మీద. పెట్రోల్ ఇంజిన్‌లో ఖాయం చేసుకోవాలంటే కంప్రెషన్ టెస్ట్ (ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే పరీక్ష) ఉంది: తక్కువ చూపించిన సిలిండర్‌లో స్పార్క్ ప్లగ్ రంధ్రం గుండా చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. రీడింగ్ బాగా పెరిగిందా, లోపం రింగుల్లోనో సిలిండర్ గోడల్లోనో ఉన్నట్టే.

చిక్కటి ఆయిల్ పోస్తే రిపేరు అయిపోతుందనుకుంటారు చాలామంది. పొగ కొన్నాళ్లు తగ్గొచ్చు గానీ అరిగిన రింగు అరిగినట్టే ఉంటుంది. పైగా మరీ చిక్కనిదైతే చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయినప్పుడు పైభాగాలకు ఆలస్యంగా అందుతుంది.